కొనసాగింపు దిగుమతి

కొనసాగింపు దిగుమతి అనగా ఫైలు దిగుతుండగా కనెక్షను తెగిపోయినప్పుడు, మొదటినుండి కాక ఆగిన బైటునుండే తిరిగి తెచ్చుకొనే పద్ధతి. 2000ల దశకపు జీపీఆర్ఎస్‌పై సెకనుకు 40 కిలోబిట్ల వేగం అందినా, 100 మెగాబైట్ల ఫైలుకు సుమారు ఐదున్నర గంటలు పట్టేది. గంటకొకసారి తెగి, ప్రతిసారీ మొదటికి వస్తే ఆ ఫైలు ఎన్నటికీ చేరదు.

వైర్‌లెస్‌లో మరొక చిక్కు ఉంది. 1988లో వాన్ జాకబ్సన్ వివరించిన రద్దీ నియంత్రణ ప్రకారం, ప్యాకెట్టు పోతే దారి రద్దీగా ఉన్నదని భావించి టీసీపీ వేగం తగ్గిస్తుంది. గాలిలో సంకేతం చెదిరి పోయిన ప్యాకెట్టుకూ అదే శిక్ష!

1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1లో ఫలానా బైటునుండి పంపమని కోరే వీలున్నది. సర్వరు సమ్మతిస్తే 206 అనే సంకేతంతో మిగిలిన భాగాన్నే పంపుతుంది.

ఎక్కించేటప్పుడూ ఇంతే. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో బొమ్మల తయారీని వీడియో తీసి వికీమీడియా కామన్సులో చేర్చదలచినవారు పెద్ద ఫైలును ముక్కలుగా పంపవచ్చు; చేరని ముక్కను మాత్రం మళ్ళీ పంపితే చాలు. ఆ బొమ్మలకూ తెల్లపొణికి కొయ్యతో అవయవాలు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. బొమ్మలో అతుకు సరిగా లేకుంటే కంటికి తెలుస్తుంది, ఫైలులో తెలియదు. మధ్యలో మూలఫైలు మారితే పాత ముక్కకు కొత్తది అతికి ఫైలు చెడుతుంది. కనుక ప్రచురణకర్త ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో దిగిన ఫైలు విలువను పోల్చిచూడాలి.