పద్దెనిమిదేళ్లు ఆగని కొలత

కౌమారం మీద ముఖచిత్ర కథనమంటే డెస్కు కోరేది మెదడు స్కానింగుల రంగు బొమ్మలే. అవి కావలసినన్ని దొరుకుతాయి. గడువు ముంచుకొస్తున్నా వదలబుద్ధి కానిది మాత్రం దాదాపు 250 ఏళ్ల నాటి ఓ అంకెల పట్టీ.

ఫ్రాన్సులో గెనో ద మోంబెయార్ అనే పెద్దమనిషికి 1759లో కొడుకు పుట్టాడు. పుట్టినప్పటి నుంచి ఇంచుమించు ఆర్నెల్లకోసారి పిల్లవాడి ఎత్తు కొలిచి రాసిపెట్టాడాయన. పద్దెనిమిదో ఏడు వచ్చేదాకా మానలేదు. ఆయన మిత్రుడు, ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ 1777లో ఆ పట్టీని అచ్చు వేయించాడు. కుర్రాడు చలికాలంలో కన్నా వేసవిలో ఎక్కువ పెరుగుతున్నాడని కూడా గమనించాడు.

ఆ అంకెల్లో ఏ ఏడాది ఎంత పెరిగాడో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తొలి ఏడాది ఇరవై సెంటీమీటర్లు దాటిన వేగం ఏటేటా తగ్గుతూ, పదేళ్లు దాటేసరికి ఐదారుకు దిగింది. పదమూడు దాటాక మళ్లీ ఊపందుకుంది. పద్నాలుగు ప్రాంతంలో ఏడాదికి పన్నెండు సెంటీమీటర్ల లెక్కన సాగి, తర్వాత చప్పున పడిపోయింది. ‘నిన్నమొన్నటి దాకా ఇంతే ఉండేవాడు’ అని చుట్టాలు ముక్కున వేలేసుకునే రోజులివే.

వందమంది పిల్లల్ని ఒక్కోసారి కొలిచి సగటు తీస్తే ఈ ఎగుడు కనపడదు. ఒకరికి పన్నెండుకే వస్తుంది, ఇంకొకరికి పదిహేనుకు. సగటులో అన్నీ కలిసి చదునైపోతాయి. ఆడపిల్లలకు సుమారు రెండేళ్లు ముందే వస్తుంది కనుక ఏడో తరగతి వరుసలో వాళ్లే పొడుగ్గా కనిపిస్తారు. ఒంట్లోనూ అన్నీ ఒకేసారి పెరగవు. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, ఆఖరున మొండెం. కొత్త చెప్పులు ముందుగా బిగుతైపోయేది అందుకే.

ఇక చరిత్ర, గబగబా: 1904లో అమెరికాలో స్టాన్లీ హాల్ కౌమారం మీద రెండు సంపుటాలు రాశాడు, 1927లో స్కామన్ మోంబెయార్ కొలతల్ని సెంటీమీటర్లలోకి మార్చాడు, ఇంగ్లండులో టానర్ ఆ కొలతల గ్రాఫుకు ప్రాచుర్యం తెచ్చాడు, 1990లలో ఎమ్మారై వచ్చి చూపు మెదడు మీదికి మళ్లింది.

జే గీడ్ బృందం 1999లో ప్రకటించిన అధ్యయనంలో 145 మంది ఉన్నారు. మెదడు ముందుభాగంలోని బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో పదకొండేళ్లకు, మగపిల్లల్లో పన్నెండుకు గరిష్ఠానికి చేరి, ఆపైన తగ్గుతోందని తేలింది. ఆ అధ్యయనం బలం మోంబెయార్ పద్ధతే: చాలామందిని మళ్లీ పిలిచి స్కాన్ చేశారు. అందులో పెద్దవాడికీ ఇరవై రెండేళ్లు నిండలేదు. అయినా ‘మెదడు పాతికేళ్లకు పూర్తవుతుంది’ అన్న మాట ఊరూరా తిరుగుతోంది. ఎదుగుదల ఇరవైల్లోనూ సాగుతుందన్నది నిజం. సరిగ్గా పాతికకు ఆగుతుందనడం మాత్రం నమ్మశక్యంగా లేదు.

అందుకే, ఎత్తు రాలేదని పదమూడేళ్ల కుర్రాణ్ణి పక్కింటి పిల్లాడితో పోల్చేముందు గోడ మీద తేదీ వేసి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ కొలవండి. ఏడాది గడిచినా పెరుగుదల మరీ తక్కువగా ఉంటే ఆ అంకెలతో డాక్టర్ను కలవండి.

ఉప్మా తెచ్చిన తేడా

1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 15 పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మరో 14 పల్లెలకు ఈ పోషకాహార పథకం అప్పటికింకా చేరలేదు. పదిహేనేళ్ల తర్వాత, 13–18 ఏళ్ల వయసుకొచ్చిన 1,165 మందిని కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు.