చలికాలమున గ్యారేజిలోని రెండవ రిఫ్రిజిరేటరు

అమెరికా, కెనడా దేశములలో కాపురములు చేయుచున్న మన తెలుగు గృహిణులలో పెక్కుమంది యిండ్లలో రెండేసి రిఫ్రిజిరేటర్లు కానవచ్చును. వంటయింటికి క్రొత్తది కొన్నపుడు, పనిచేయుచున్న పాతదానిని పారవేయ మనసొప్పక, కారు నిలుపుకొను గ్యారేజిలోనికి చేర్తురు. దాని వలన కలుగు సదుపాయము చిన్నది కాదు. మన సరకుల యంగడి దూరమున నున్నవారు ఒక్కమారే కొని తెచ్చుకొన్న చేపలు, కొబ్బరితురుము, కరివేపాకు, దొండకాయలు అందులోనే దాచుదురు. పండుగనాడు పదిమందిని భోజనమునకు పిలిచినపుడు దోసెలపిండి గిన్నెలకును, పెరుగు పాత్రలకును చోటిచ్చునది అదియే. పసిబిడ్డ గల యింట, ఉద్యోగమునకు పోవు తల్లి తన పాలను పిండి గడ్డకట్టించి యుంచునదియు తరచుగా నచ్చటనే.

వెలుపల మంచు కురియుచుండగా ఈ పెట్టెకు పని తేలికయగునని తలచుట సహజము. వాస్తవముగా జరుగునది దీనికి విరుద్ధము. వేసవిలో చక్కగా నడచిన పెట్టెయే చలికాలమున గడ్డకట్టించిన పదార్థములను కరగనిచ్చును. ఈ వింతకు కారణము తెలిసికొనుట గృహిణికి మిక్కిలి యవసరము.

రిఫ్రిజిరేటరు లోపలి వేడిమిని గ్రహించి వెలుపలికి వెడలగొట్టు యంత్రము. ఆ పనిచేయునది కంప్రెసరు. అది యెప్పుడు నడువవలెనో, యెప్పుడు నిలువవలెనో నిర్ణయించునది థర్మోస్టాటు. గడ్డకట్టించు అరయు, చల్లని అరయు రెండును గల పాత పెట్టెలలో పెక్కింటికి థర్మోస్టాటు ఒక్కటే యుండును. అది చల్లని అరలోని వేడిమినే కనిపెట్టుచుండును. గడ్డకట్టించు అర సంగతి దానికి తెలియదు. వంటయింటిలో వెచ్చదనము ఎప్పుడును ఉండును గనుక చల్లని అర మాటిమాటికి వేడెక్కును, కంప్రెసరు నడుచును, దానితోపాటు రెండవ అరయు 0 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సెంటిగ్రేడు మానమున సున్నకు దిగువ 18 డిగ్రీల యొద్ద నిలుచును.

మిషిగన్, మిన్నెసోటా, ఒంటారియో వంటి చోట్ల, వెచ్చజేయు ఏర్పాటు లేని గ్యారేజిలో జనవరి మాసమున గాలియే 40 డిగ్రీల ఫారన్‌హీటుకు, అనగా 4 డిగ్రీల సెంటిగ్రేడుకు, దిగువకు వచ్చును. అప్పుడు చల్లని అర తనంతటనే చల్లగా నుండును. థర్మోస్టాటు తన పని ముగిసినదని యెంచి కంప్రెసరును నిలిపివేయును. గడ్డకట్టించు అరలోనికి చలువ వచ్చు దారి మూతపడి, ఆ యర మెల్లమెల్లగా గ్యారేజి వేడిమికే వచ్చును. 35 డిగ్రీలు మనకు గడగడ వణకించు చలి. చేపముక్కకు మాత్రము అది కరగిపోవు వేడిమి.

ఇందలి ముఖ్యమైన యపాయము కరగుట కాదు. కరగినది మరల గడ్డకట్టుట. నాలుగు దినములు చలి కొంత తగ్గి పదార్థములు కరగును. ఐదవనాటి రాత్రి చలి విజృంభించి వానిని మరల రాళ్లవలె చేయును. తలుపు తీసి చూచిన గృహిణికి అంతయు యథాప్రకారముగానే కనబడును. చలి సూక్ష్మజీవులలో పెక్కింటిని చంపదు, వాని వృద్ధిని నిలుపును. కరగిన వేళ అవి మరల పెరుగును. వాసన, రుచి చూచి వీనిని కనిపెట్టుట సాధ్యము కాదు. గర్భిణులకు, పసివారికి, వృద్ధులకు ఇట్టి యాహారము ప్రాణాపాయమును సైతము తేగలదు. ఒకమారు కరగిన తల్లిపాలను మరల గడ్డకట్టింపరాదని వైద్యులు చెప్పుదురు; ఆ పాలు కరగినవని తల్లికే తెలియకున్నచో ఏమి చేయగలదు?

దీనికి కాసు ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. చిన్న గిన్నెలో నీరు పోసి గడ్డకట్టించి, దానిపై ఒక నాణెమునుంచి, గడ్డకట్టించు అరలో విడువవలెను. నాణెము పైననే యున్నచో మంచు కరగలేదు. అడుగునకు దిగి మంచులో చిక్కియున్నచో, మీకు తెలియకుండ లోపలి వస్తువులు కరగి మరల గడ్డకట్టినవని గ్రహింపుడు. దీనితోపాటు రెండు అరలలోను ఒక్కొక్క థర్మామీటరు నుంచుట మేలు. చల్లని అర 40 డిగ్రీలకు మించరాదు. రెండవది 0 డిగ్రీల యొద్ద నుండవలెను. కరగిన వస్తువులో మంచుపలుకులు ఇంకను ఉన్నచో మరల గడ్డకట్టింపవచ్చును. మాంసము, చేపలు, పాలు, వండిన పదార్థములు 40 డిగ్రీలు దాటి 2 గంటలకు మించి యున్నచో పారవేయవలసినదే. ఎంతసేపు కరగియున్నదో తెలియనిదానిని గూడ ఆ కోవలోనిదిగనే యెంచవలెను.

చలి మరింత ముదిరినపుడు చల్లని అరలోని వస్తువులకును కీడు కలుగును. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి 9 పాళ్లు ఉబ్బును. అందుచే నిండుగా నున్న గాజుసీసాలు పగులును, గ్రుడ్లు చిట్లును, పెరుగు విరిగి నీళ్లగును, ఆకుకూరలు వాడి నల్లబడును.

ఇక నివారణోపాయములు. థర్మోస్టాటు మరను త్రిప్పినంత మాత్రమున నిండుచలిలో ప్రయోజనముండదు. పెట్టెకు కంబళి కప్పుట తగదు. వెలుపలికి పోవలసిన వేడిమికి దారి కావలెను. సాధారణపు పెట్టెలను 55 మొదలు 110 డిగ్రీల వరకు వేడిమి గల చోటనే యుంచవలెనని పెక్కుమంది తయారుచేయువారు వ్రాయుదురు. మీ పెట్టెతో వచ్చిన పుస్తకమును చూడుడు. నేలమాళిగ యున్నచో పెట్టెను అచటికి మార్చుట అన్నిటికన్న సులభము. కొన్ని రకములకు థర్మోస్టాటు చెంత నమర్చు చిన్న హీటరును తయారీదారులే అమ్ముదురు. గ్యారేజి కొరకే చేసిన పెట్టెలును దొరకును. గడ్డకట్టించుట యొక్కటే పనియైనచో ప్రత్యేకమైన ఫ్రీజరు మేలు. దాని థర్మోస్టాటు గడ్డకట్టించు అరనే కనిపెట్టుచుండును గనుక సామాన్యమైన చలికి మోసపోదు.

గ్యారేజిలోని విద్యుత్ సాకెట్లు ప్రమాదము శంకించినపుడు తమంతట తామే ఆగిపోవునట్టివి. అట్లాగినచో పెట్టెయు నిశ్శబ్దముగా ఆగును. దినమున కొకమారు చూచుట మంచిది. పొడిగింపు తీగెలతో పెట్టెను నడుపరాదు.

చలికాలమంతయు దానిని వాడకుండుటయే మేలని తోచినచో, ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టి, బూజు పట్టకుండ తలుపును ఓరగా నుంచవలెను. అయితే పిల్లలున్న యింట, వారు లోపల దూరలేనట్లు కట్టుదిట్టము చేయుట మరువరాదు. పూర్వపు పెట్టెలలో చిక్కుకొని ఊపిరాడక పిల్లలు మరణించుటచేతనే అమెరికాలో 1956లో చట్టము చేసి, 1958 అక్టోబరు 30 తరువాత తయారగు పెట్టెల తలుపులు లోపలినుండియు తెరచుకొనునట్లుండవలెనని విధించిరి. అయినను పాతదానిని పారవేయునపుడు తలుపులనూడదీసి పంపుటయే క్షేమము.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట వలన లాభమేమి? చలి దిగకమునుపే, సోదరీమణులారా, ఒక గిన్నెడు మంచుమీద ఒక నాణెమునుంచి చూడుడు. మీ యింటివారు తినునది నమ్మదగినదో కాదో అది చెప్పును.