పత్తి చెక్క: గేదెకు మేత, దూడకు విషము

పాడిగేదెకు పత్తి గింజల చెక్క మంచి దాణా. అయితే అదే దాణాను లేగదూడకును, పెరటి కోళ్లకును వేయు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. ఇది ప్రమాదకరము.

పత్తి గింజలో గాసిపాల్ అను పసుపుపచ్చని విషపదార్థము సహజముగా ఉండును. పెద్ద పశువు నెమరు పొట్టలో ఇది చాలవరకు మాంసకృత్తులతో కలిసి విషగుణము కోల్పోవును. లేగదూడకు ఆ పొట్ట ఇంకను పూర్తిగా ఏర్పడి ఉండదు. కొన్ని వారములు ఈ చెక్క తిన్న దూడకు గుండె దెబ్బతిని, ఆయాసము వచ్చి, హఠాత్తుగా మరణము సంభవించవచ్చును. కోళ్లు తిన్నచో, నిలువ చేసిన గుడ్లలో పచ్చసొన ఆకుపచ్చగా మారును.

విషమును తగ్గించు మార్గములు రెండు. మొదటిది, చెక్కను నీళ్లు పోసి బాగుగా ఉడికించుట. మాడనీయరాదు, మాడినచో లైసిన్ అను పోషకపదార్థము తగ్గిపోవును. రెండవది, కోళ్ల దాణాలో పశుదాణాకు తగిన శుద్ధమైన అన్నభేది కలుపుట. అందలి ఇనుము గాసిపాల్‌ను బంధించును. పరీక్షలో 100 కిలోల దాణాకు, దేనితోను కలియక మిగిలిన గాసిపాల్ 20 గ్రాములు తేలినచో, అంతే ఇనుము కావలెను. అనగా సుమారు 100 గ్రాముల అన్నభేది.

నాలుగు నెలలలోపు దూడకు మాత్రము పత్తి చెక్క పెట్టకుండుటే క్షేమము. బూజు పట్టని వేరుశనగ చెక్క వాడవలెను. నేటి పెయ్యదూడయే రేపటి పాడి.