అమ్మ చెప్పిన బూడిద, రాస్ అల్ ఖైమా మట్టి

పోయిన ఎపిసోడ్‌లో రూము వెనక తోట గురించి మాట్లాడాక, "అన్నా, మొక్కలకి బూడిద వేయొచ్చా?" అని చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. ఇక్కడైతే వద్దు. వేసి నేను ఒక చిక్కుడు పందిరి పోగొట్టుకున్నాను.

నేనుండేది దిగ్దాగా వైపు. 1955లో వ్యవసాయ ప్రయోగ కేంద్రం పెట్టిన చోటు అది, ఇప్పటికీ చుట్టుపక్కల తోటలున్నాయి. రూములో ఆరుగురం. గోడ పక్కన చిక్కుడు, టమాట, గోంగూర వేసుకున్నాం. కూరగాయల మీద మిగిలిన దిర్హమ్‌లు ఇంటికే కదా పోయేది.

చిక్కుడుకి పేనుబంక పట్టింది. జగిత్యాలలో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తే, "పొయ్యిల బూడిద జల్లు బిడ్డా, పోతది" అంది. మందీ వండే హోటల్ పొయ్యి దగ్గర ఒక బస్తా దొరికింది. ఆకుల మీద చల్లి, మిగిలింది పారేయబుద్ధి కాక మొదళ్లలో పోశాను. పురుగు కొంచెం తగ్గింది. కానీ మూడు వారాలకి కొత్త ఆకులన్నీ పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా. బలం చాల్లేదనుకొని ఇంకాస్త బూడిద, దాంతోపాటు యూరియా వేశాను. ఘాటు వాసన కొట్టింది. బూడిదతో కలిస్తే యూరియాలోని నత్రజని అమోనియా గాలిగా పోతుందని నాకప్పుడు తెలియదు.

అమ్మది ఎర్ర చల్క. వానకి సున్నం కొట్టుకుపోయి కాస్త పులుపు వైపు ఉండే నేల. బూడిదలో ఉండేది ఎక్కువగా సున్నం, కొంత పొటాష్, కాస్త భాస్వరం. అందుకే అక్కడ పనిచేస్తుంది. ఇక్కడి మట్టిలో సున్నం ముందే ఎక్కువ, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. బూడిదది 10 పైమాటే. బోరు నీళ్లు ఉప్పు, బూడిదా ఉప్పే. మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, ఆ పసుపు రంగు అదే. విల్లాల్లో తోటపని చేసే తమ్ముళ్లు నిమ్మ చెట్టు దగ్గర మరీ జాగ్రత్త, దానికి ఈ జబ్బు తొందరగా వస్తుంది.

వేసేసి ఉంటే పైపొర గీకి తీసేయండి. మంచినీళ్లు దండిగా పెట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ఇనుము మందు కొంటే ప్యాకెట్ మీద ఈడీడీహెచ్‌ఏ అని ఉందో లేదో చూడండి. ఈడీటీఏ రకం చౌకే గానీ ఈ మట్టిలో ఎక్కువ రోజులు నిలవదు. పేనుబంకకి నీళ్ల పైపుతో ఆకుల అడుగున గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది.

ఊళ్లో వేసేవాళ్లకి కూడా ఒక మాట. వంద చదరపు మీటర్లకి ఏడాదికి ఐదారు కిలోలు చాలు. చౌడు నేలకి అసలొద్దు. రంగు వేసిన చెక్క బూడిద, షీషా బొగ్గు బూడిద ఎక్కడా వద్దు.

నా దగ్గర మిగిలిన అర బస్తాని జల్లెడ పట్టి విత్తనాల డబ్బాలో కలిపాను. సన్నటి పొడి పురుగు ఒంటిని గీరి ఎండబెట్టేస్తుంది. ఇదంతా అమ్మకి చెప్తే, "అయితే ఆ బూడిద నీకెందుకురా, ఇటు పంపు" అంది.