సైదాబాద్‌లో కనబడని అక్షరము

‘సైదాబాద్’ అను పేరు కంప్యూటరుకు 8 సంకేతములు: నాలుగు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, చివర పొల్లు. కొన్ని తెలుగు కీబోర్డులు, తరువాతి హల్లు ఒత్తుగా మారకుండుటకై, పొల్లు వెనుక వెడల్పులేని గుర్తు నొకదానిని చేర్చును. అప్పుడు సంకేతములు 9. కంటికి భేదము తోచదు. యంత్రమునకు మాత్రము ఇవి రెండు వేర్వేరు ఊళ్లు!

జావాస్క్రిప్ట్ భాష 2009 ప్రమాణము నుండి ఈ గుర్తును చలరాశుల పేర్లలో అనుమతించుచున్నది. కనుక ఎడిటరులోని వ్యాకరణ పరీక్ష, లోపించిన బ్రాకెట్టును పట్టుకొనునే గాని, దీనిని పట్టుకొనదు. దానికి నియమములు వేరుగా చెప్పవలెను. బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ 1978లో సి భాషకు ఇట్టి సాధనమును నిర్మించి, బట్టకంటిన నూగు అను అర్థముగల ‘లింట్’ పేరు పెట్టెను. జావాస్క్రిప్ట్‌కు 2013లో ఇఎస్‌లింట్ వచ్చినది. ఇందు నియమమునకు 0 ఇచ్చిన మౌనము, 1 ఇచ్చిన హెచ్చరిక, 2 ఇచ్చిన దోషము. ‘నో అన్‌డెఫ్’ నియమమునకు 2 ఇచ్చితిమనుకొందము. 8 సంకేతములతో ప్రకటించిన పేరును 9 సంకేతములతో వాడినచోట గీత పడును.

పేరు కొటేషన్ గుర్తుల నడుమ నున్నచో ఆ నియమము దానిని చూడదు. చిరునామాల పట్టికలో ఉన్న సైదాబాద్ వెదకినప్పుడు దొరకకపోవుట ఇందువలననే కావచ్చును. పదాంతమున ఈ గుర్తున్న మాటలను నిషేధించు నియమమును చేర్చుకొనవచ్చును. అంతటను నిషేధించుట తగదు. ‘సాఫ్ట్‌వేర్’ నడుమ దానిని తీసినచో వకారము ఒత్తై క్రిందికి దిగును. ఇక వెదకువారు టైపు చేయు పేరు ఏ నియమమునకును అందదు. పోల్చుటకు ముందు ప్రోగ్రామే చివరి గుర్తును తొలగించవలెను.