వంశవృక్షంలో దాచిన నాగలి

మీ తాతగారి నాన్న మామూలు రైతు అని, ఆయన దున్నిన పొలంలో సగం ఆయనది కాదని, గిట్టనివాళ్లెవరో కాగితం మీద రాసి పెట్టారనుకోండి. ఏమవుతుంది? ఇవాళైతే ఏమీ కాదు. ‘అవును, రైతే. అయితే ఏంటట?’ అంటాం. చాలామందికి అది గర్వం కూడా. కానీ 550 ఏళ్ల కిందట ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో ఒక కుటుంబానికి అలాంటి కాగితమే కొంప ముంచేంత పని చేసింది. ఇళ్లు, పొలాలు, కోట, పరువు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. చివరికి సాక్షాత్తూ రాజుగారే ‘వీళ్లు పెద్దింటివాళ్లే’ అని రాసివ్వాల్సి వచ్చింది.

ఆ కుటుంబం పేరు పాస్టన్. పదిహేనో శతాబ్దంలో వాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, దస్తావేజులు వెయ్యికి పైగా ఇప్పటికీ ఉన్నాయి. అచ్చయిన సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నేను మొదట వీటిని ఉత్తరాలుగానే చదివాను. చదివేకొద్దీ ఇంకో ప్రశ్న పట్టుకుంది. అసలు వీళ్లెవరు? ఎక్కడి నుంచి వచ్చారు? ఆ ప్రశ్న వెంట పోతే, పాతకాలం ఇంగ్లండులో ఒక వంశాన్ని ఎలా వెతుకుతారో మొత్తం తెలిసొచ్చింది.

ఎవరీ జెంట్రీ?

ఇంగ్లండు సమాజంలో పైన ప్రభువులు. కింద రైతులు, కూలీలు. మధ్యలో జెంట్రీ. నైట్, ఎస్క్వైర్, జెంటిల్‌మన్ అనే మూడు మెట్ల వాళ్లు ఇందులోకే వస్తారు. ప్రభువుల బిరుదు ఉండదు గానీ భూములుంటాయి, ఊళ్లో మాట చెల్లుతుంది, కోర్టుల్లో, జిల్లా వ్యవహారాల్లో పెత్తనం ఉంటుంది. 1413లో వచ్చిన ఒక చట్టం ప్రకారం కోర్టు కాగితాల్లో ప్రతివాది పేరు పక్కన అతని హోదా లేదా వృత్తి, ఊరు రాయాలి. అప్పటి నుంచి ‘జెంటిల్‌మన్’ అన్నది మర్యాదకు అనే మాటగా మిగల్లేదు. కాగితం మీద పడే హోదా అయిపోయింది. ఇక ఆ హోదా నీకుందా లేదా అన్న తగాదాలూ మొదలయ్యాయి.

అట్టడుగున ‘విల్లెన్’ అనే వర్గం ఉండేది. భూమికి, దాని యజమానికి కట్టుబడి ఉండే రైతు. యజమాని అనుమతి లేకుండా ఊరు వదలకూడదు, కూతురికి పెళ్లి చెయ్యకూడదు. చట్టం దృష్టిలో అతని ఆస్తి కూడా యజమానిదే. మన సినిమాల్లో ‘విలన్’ అంటామే, ఆ మాటకీ దీనికీ మూలం ఒకటే. పేదవాడి పేరు చెడ్డవాడి పేరుగా ఎలా మారిందో చూడండి!

రైతు కొడుకు జడ్జి అయ్యాడు

పాస్టన్ అనేది సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి క్లెమెంట్ పాస్టన్ 1419లో చనిపోయాడు. ఆయన కొడుకు విలియం న్యాయశాస్త్రం చదివి, 1429లో కామన్ ప్లీస్ అనే పెద్ద కోర్టులో జడ్జి అయ్యాడు. సంపాదించిన డబ్బుతో వరసగా భూములు కొన్నాడు. ఆస్తి ఉన్నింటి పిల్లను చేసుకున్నాడు. 1444లో ఆయన పోయేనాటికి పాస్టన్లు నార్ఫోక్‌లో లెక్కలోకి వచ్చే కుటుంబం.

విలియం పెద్ద కొడుకు జాన్. ఇతనూ లాయరే. సర్ జాన్ ఫాస్టల్ఫ్ అని ఫ్రాన్సు యుద్ధాల్లో గడించిన ఒక ధనిక వీరుడికి ఇతను సలహాదారు. షేక్‌స్పియర్ ఫాల్‌స్టాఫ్ పాత్రకు పేరు తీసుకున్నది ఆ ఫాస్టల్ఫ్ నుంచే. 1459 నవంబరులో ఆయన పిల్లలు లేకుండా చనిపోయాడు. చనిపోయే ముందు తన ఆస్తి నాకు రాశాడని జాన్ వీలునామా చూపించాడు. అందులో కైస్టర్ కోట కూడా ఉంది. మిగతావాళ్లు ఊరుకుంటారా? ‘ఆఖరి ఘడియల్లో మార్చిన వీలునామా చెల్లదు’ అన్నారు. కోర్టుల చుట్టూ తిరగడాలు, జైళ్లు, చివరికి 1469లో నార్ఫోక్ డ్యూక్ సైన్యంతో వచ్చి కోటను ముట్టడించడం... ఒక తరం మొత్తం ఆ గొడవలోనే గడిచిపోయింది.

ఆ గొడవల కాలంలోనే శత్రువులు అసలు వేరు మీద గొడ్డలి వేశారు. ‘వీళ్లు జెంట్రీ ఏంటి? వీళ్లు విల్లెన్ల వంశం’ అన్నారు. అది రుజువైతే ఫాస్టల్ఫ్ ఆస్తి మాట అటుంచి, సొంతంగా కొన్న భూములూ పోతాయి.

శత్రువు రాసిన కాగితం

ఎవరు రాశారో సంతకం లేని ఆ కాగితం ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం క్లెమెంట్ సాదాసీదా రైతు. మహా అయితే నూరు, నూట ఇరవై ఎకరాలు. అందులో చాలా భాగం పక్క జమీందారుకు కట్టుబడిన భూమి. ఒక చిన్న నీటి మర ఉండేది. జీను లేని గుర్రం మీద ధాన్యం బస్తా వేసి, దాని మీద తనే కూర్చుని మరకు పోయేవాడు. పిండి వేసుకుని అలాగే తిరిగొచ్చేవాడు. బండి కట్టుకుని ధాన్యం అమ్మడానికి వెళ్లేవాడు. భార్య కట్టు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. కొడుకును బడికి పంపడానికి అప్పు చేశాడు. లాయరైన బావమరిది కూడా సాయం చేశాడు.

అవమానించడానికి రాసిన కాగితం అది. నాకు మాత్రం క్లెమెంట్ మీద గౌరవం అక్కడే పుట్టింది. అప్పు చేసి పిల్లాణ్ణి చదివించిన రైతు! ఈ కథ మనకు కొత్తదా?

దీనికి జవాబుగా పాస్టన్లు తమ పాత పత్రాలు రాజుగారి ముందు పెట్టారు. 1466లో జాన్ చనిపోయిన కొద్ది వారాలకే నాలుగో ఎడ్వర్డ్ రాజు వాళ్ల పక్షాన ప్రకటన ఇచ్చాడు. పాస్టన్లు తరతరాలుగా జెంటిల్‌మన్లే, వాళ్ల కింద కట్టు రైతులు కూడా ఉండేవాళ్లు అని తేల్చాడు. ఆ కుటుంబం తర్వాత చూపించుకున్న వంశవృక్షం ఇంకా ముందుకు పోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన మూడేళ్లకు ఫ్రాన్సు నుంచి వచ్చిన ‘ఉల్‌స్టన్’ మా మూలపురుషుడు అంది. చిక్కేమిటంటే, ఉల్‌స్టన్ అనేది ఫ్రెంచి పేరు కాదు. నార్మన్లు రాకముందు నుంచీ ఇంగ్లీషువాళ్లు పెట్టుకునే పేరు! దాచాలనుకున్న నాగలి పేరులోనే బయటపడింది.

రాజముద్ర ఉన్న కాగితాన్ని, సంతకం లేని తిట్ల కాగితాన్ని పక్కపక్కన పెడితే దేన్ని నమ్మాలి? చరిత్రకారులు మొగ్గేది రెండో దాని వైపే. శత్రువు కాబట్టి అతనూ నాలుగు ఎక్కువ రాసి ఉండొచ్చు, దాన్నీ తూకం వెయ్యాల్సిందే. కానీ ఊరందరికీ తెలిసిన విషయాల మీద పచ్చి అబద్ధం రాస్తే అతని వాదనే చెడుతుంది. మరి రాజముద్ర? జాతకం బాగుందని చెప్పినంత మాత్రాన తిథి మారదు కదా!

వెతకడం ఎలా?

ఇంగ్లండులో చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసి పెట్టాలన్న ఆజ్ఞ వచ్చింది 1538లో. అంతకు ముందు పుట్టినవాళ్లకు అలాంటి రిజిస్టరు లేదు. మరి వంశం ఎలా తెలుస్తుంది? భూమి చెబుతుంది. భూమి చేతులు మారిన చోటల్లా ఒక కాగితం పుట్టింది.

అన్నిటికంటే విలువైనది మరణానంతర విచారణ. రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, అధికారి వచ్చి ఆ చుట్టుపక్కల మనుషుల్ని పంచులుగా కూర్చోబెట్టేవాడు. ఏ భూములున్నాయి, ఎప్పుడు చనిపోయాడు, వారసుడెవరు, వయసెంత అని అడిగి రాయించేవాడు. వారసుడు మైనరైతే భూమి పెత్తనంతో పాటు ఆ పిల్లాడి పెళ్లి హక్కు కూడా రాజుదే. దాన్ని అమ్ముకునేవాళ్లు కూడా. అందుకే వయసు మీద అంత పట్టింపు.

పిల్లాడు పెద్దవాడయ్యాక మళ్లీ సాక్షులు కావాలి. ‘ఆ రోజు నేను గుర్రం మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నా, అందుకే గుర్తుంది’, ‘మా అబ్బాయి కూడా ఆ వారమే పుట్టాడు’ లాంటి సాక్ష్యాలు ఉంటాయి. చదవడానికి ముచ్చటగా ఉంటాయి గానీ, జాగ్రత్త! ఇవే సంగతులు వేరే ఊళ్ల సాక్ష్యాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గుమాస్తాల దగ్గర ఒక నమూనా ఉండేదన్నమాట.

ఇంకోటి భూ ఒప్పందం. ఒకే తోలు మీద ఒప్పందాన్ని మూడుసార్లు రాసి, వంకరటింకరగా కత్తిరించేవాళ్లు. ఇద్దరు పార్టీలకు చెరో ముక్క, అడుగు ముక్క కోర్టుకు. ఎవరైనా దొంగ ముక్క తెస్తే అంచులు కలవవు. ఈ పద్ధతి 1195 నుంచి 1833 దాకా నడిచింది. వీటికి తోడు ఊరి జమీందారు కోర్టు చుట్టలు, వీలునామాలు. విల్లెన్ ఎవరో, స్వేచ్ఛగా బతికినవాడెవరో తేల్చడానికి ఆ చుట్టలే దిక్కు.

చిక్కులూ తక్కువేమీ కాదు. పత్రాలు చాలావరకు లాటిన్‌లో, అదీ పొడి అక్షరాల్లో ఉంటాయి. తేదీకి బదులు ‘ఫలానా రాజు ఏలుబడి ఫలానా ఏడు, ఫలానా పండగ ముందు రోజు’ అని రాస్తారు. పైగా 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1477 ఫిబ్రవరిలో మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి తనకు కాబోయే జాన్ పాస్టన్‌కు ప్రేమగా ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో దొరికిన మొట్టమొదటి వాలెంటైన్ ఉత్తరం అదేనంటారు. ఆ లెక్కలో చూస్తే వాళ్లకది ఇంకా 1476!

ఇంతకీ ఏ జాన్? జాన్ పాస్టన్‌కు ఇద్దరు కొడుకులు బతికి పెద్దవాళ్లై పేరు తెచ్చుకున్నారు. ఇద్దరి పేరూ జానే! పెద్ద జాన్ నైట్ అయ్యాడు, పెళ్లి కాకుండానే 1479లో పోయాడు. మార్జరీని చేసుకున్నది చిన్న జాన్. వంశం సాగింది అతనితోనే. పేరొక్కటే చూసి గీత గీస్తే వృక్షం వంకర పోతుంది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ భూమి గురించి అన్నది చూసి తీరాలి.

ఆడవాళ్ల జాడ

వంశవృక్షాల్లో ఆడవాళ్లు ‘ఫలానావాడి భార్య’గా మిగిలిపోతారు. ఇక్కడ అదృష్టం ఏమిటంటే, ఉత్తరాలు మిగిలాయి. జాన్ భార్య మార్గరెట్ చెప్పి రాయించినవే వందకు పైగా ఉన్నాయి. భర్త లండన్‌లో కోర్టుల వెంట తిరుగుతుంటే ఇల్లు, పొలాలు కాచింది ఆవిడే. ఒక ఉత్తరంలో ఇంటిని కాపాడుకోవడానికి విల్లంబులు పంపమని అడిగి, అదే ఉత్తరంలో బాదంపప్పులు, పంచదార కూడా తెమ్మంది.

అంత గట్టి మనిషి కూతురు విషయంలో మాత్రం కరిగిపోలేదు. కూతురి పేరు కూడా మార్జరీయే. తమ దగ్గర భూముల లెక్కలు చూసే రిచర్డ్ కాల్ అనే ఉద్యోగితో ఆ పిల్ల రహస్యంగా పెళ్లి మాట ఇచ్చిపుచ్చుకుంది. అప్పటి చర్చి చట్టం ప్రకారం ఇద్దరూ నోటితో ఒప్పుకుంటే పెళ్లైపోయినట్టే. 1469లో నారిచ్ బిషప్ ఆమెను పిలిచి అడిగితే, అన్న మాటలన్నీ చెప్పి, అవి చాలకపోతే ఇంకా గట్టిగా అంటానంది. పెళ్లి చెల్లింది. ఆ రోజు నుంచి తల్లి గడప తొక్కనివ్వలేదు. కాల్ వాళ్లది దుకాణాల కుటుంబం. నా చెల్లెలు కొవ్వొత్తులూ ఆవాలూ అమ్ముకోవడానికి నేనొప్పుకోనని ఆమె అన్న అంతకు ముందే రాశాడు.

తమ ముత్తాత గుర్రం మీద ధాన్యం మోశాడన్నందుకు రాజు దాకా వెళ్లిన కుటుంబం ఇది. మూడేళ్లకే ఇంకొకరి దుకాణాన్ని ఎత్తి చూపింది! ఎక్కినవాడు నిచ్చెన లాగేయడమంటే ఇదే. ఏ దేశమైనా, ఏ కాలమైనా.

పాస్టన్లు ఆ నిచ్చెన మీద పైదాకా వెళ్లారు. 1679లో యార్మత్ ఎర్ల్ బిరుదు కూడా వచ్చింది. రెండో ఎర్ల్ 1732లో అప్పులతో, వారసుడు లేకుండా పోవడంతో బిరుదు ఆగిపోయింది. ఇంట్లో మూలుగుతున్న ఉత్తరాలు చేతులు మారి, 1787లో జాన్ ఫెన్ అనే ఆయన అచ్చు వేస్తే లోకానికి తెలిశాయి. ఎర్ల్ గారి బిరుదు ఇవాళ ఎవరికి గుర్తుంది? మిగిలింది మార్గరెట్ ఉత్తరాలే.

మార్గరెట్ 1482లో వీలునామా రాసింది. వంశం వెతికేవాళ్లకు వీలునామాలూ ఆధారమేనని చెప్పానుగా, ఎందుకంటే గొడవల్లో తుడిచేసిన పేర్లు అక్కడ తిరిగి రావచ్చు. అందులో పిల్లలకు, మనవలకు, చర్చిలకు, పనివాళ్లకు ఇచ్చినవన్నీ ఉన్నాయి. వాళ్లలో ఒక పిల్లాడు పెద్దయ్యాక ఇవ్వమని 20 పౌండ్లు కూడా రాసి ఉన్నాయి. ఆ పిల్లాడి పేరు జాన్ కాల్. తన కూతురు మార్జరీ కొడుకని పక్కనే రాయించింది.