తగ్గింపు ధరకి పాత మోడలా, కొత్త మోడలా?

బండి కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళని అడిగేది ఒకటే మాట: "రంగు ఏది కావాలి?" మైలేజీ, ఇంజను, ధర వగైరాలన్నీ మగవాళ్ళ ఖాతా. రోజూ ఆ బండి మీద పోయేది మనమే అయినా సరే! అందుకే 2020 ఫిబ్రవరిలో మా ఆడపడుచు కూతురు "అత్తయ్యా, స్కూటరు కొనాలి, తోడు రా" అన్నప్పుడు, ఈసారి లెక్కలన్నీ మనమే వేసుకుందాం అన్నాను.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఆ అమ్మాయికి తోట్లవల్లూరు వైపు ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ప్రొబేషన్లో జీతం నెలకి 15 వేలు. ఉండేది బెజవాడ ఆటోనగర్లో. బస్సులూ, షేర్ ఆటోలూ పట్టుకుని వేళకి చేరడం గగనమైపోయేది. బండి ఉంటే యనమలకుదురు మీదుగా కరకట్ట ఎక్కి సూటిగా వెళ్ళిపోవచ్చు. చీటీ పాట డబ్బు చేతికొచ్చింది. బయల్దేరాం.

షోరూంలో రెండు స్కూటర్లు పక్కపక్కనే పెట్టారు. ఒకటి యాక్టివా 5జి. రెండోది అప్పటికి నెల క్రితమే, 2020 జనవరిలో విడుదలైన 6జి. అన్నీ కలుపుకుంటే పాతది పన్నెండు వేలు తక్కువ. అంటే పిల్లకి నెల జీతం కంటే కాస్త తక్కువ! మా ఆడపడుచు కళ్ళు మెరిశాయి. "చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయిగా వదినా, ఊరికే డబ్బు పొయ్యడం దేనికి?" అంది. సేల్స్ కుర్రాడేమో "ఈ ఆఫర్ మళ్ళీ రాదు మేడం" అని ఒకటే హడావుడి.

ఆ తగ్గింపు ఎందుకు ఇస్తున్నారో తెలుసుకోవాలి కదా. కాలుష్యం తగ్గించడానికి ప్రభుత్వం ఎప్పటికప్పుడు బి.ఎస్. ప్రమాణాలు మారుస్తూ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-4 బళ్ళు అమ్మకూడదు, రిజిస్టరూ చెయ్యకూడదు అని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పేసింది. ఆ పాత మోడలు బి.ఎస్.-4. గడువు దాటితే షోరూం వాళ్ళకి అది తుక్కే. కాబట్టి ఆ పన్నెండు వేలు మన మీద ప్రేమతో తగ్గించినవి కావు.

అలాగని తగ్గింపు బండి అంటేనే వద్దు అనను. 2017 మార్చి 29న బి.ఎస్.-3 బళ్ళ అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి ఆపెయ్యమని కోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, దేశంలో ఎనిమిది లక్షలకి పైగా బళ్ళు మిగిలిపోయి ఉన్నాయి. వాటిలో 6.7 లక్షలు ద్విచక్ర వాహనాలే. రెండు రోజుల్లో వదిలించుకోవాలి! వేలకి వేలు తగ్గించేశారు, షోరూంల ముందు జనం తిరునాళ్ళలా నిలబడ్డారు. మా పక్క వాటాలో కర్రీ పాయింట్ నడిపే పిన్నిగారు అప్పుడు కొన్నదే ఈనాటికీ నడుపుతోంది. ఆవిడ పోయేది పటమట రైతుబజారుకీ, బందరు రోడ్డు మీదకీ. అడుగడుగునా మెకానిక్కే. ఆవిడకి అది బంగారం లాంటి బేరం.

మా పిల్ల దారి వేరు. ఆ సంగతి తేల్చుకోవడానికి షోరూం నుంచి సరాసరి ఆటోనగర్లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆటోనగర్ అంటే లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, గ్రీజు మరకలు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళడమే అరుదు. కానీ అక్కడ అమ్ముకునే తొందర ఉండదు, బాగుచేసేవాళ్ళ అనుభవం ఉంటుంది. ఆయన మొదట అడిగింది ధర కాదు. "ఏ రోడ్డు మీద పోద్దమ్మా అమ్మాయి?" అన్నాడు.

కరకట్ట అని చెప్పాం. కొంత తారు, కొంత కంకర, చెరకు ట్రాక్టర్లు తిరిగి పడిన గాళ్ళు. "అయితే ముందు చక్రం చూసుకోండి. పాతదానికి 10 అంగుళాలు, కొత్తదానికి 12. చిన్న చక్రం గుంటలో దిగిపోద్ది, పెద్దది దాటిపోద్ది. కొత్తదానికి ముందు షాకబ్జార్బర్లు కూడా మోటారు సైకిలుకి ఉన్నట్టు టెలిస్కోపిక్‌వి. కంకర మీద హ్యాండిల్ నిలకడగా ఉంటది" అన్నాడు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాడు. పాతదానికి కార్బురేటర్. ఏ పల్లెటూళ్ళో ఆగినా చెట్టు కింద మెకానిక్ విప్పి, ఊది, బిగించేస్తాడు. బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే లేస్తుంది. కొత్తదానికి ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సార్లు. ఏ తేడా వచ్చిందో కనిపెట్టాలంటే కంప్యూటర్ పెట్టాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్ కొట్టినా లేవడం కష్టం. "ట్యాంకులో పెట్రోలు అడుగంటేదాకా తిప్పొద్దమ్మా. లోపలుండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే" అని మరీ మరీ హెచ్చరించాడు. షోరూంలో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని వాదించుకున్నాం. మా ఆడపడుచు పన్నెండు వేల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ తప్పేం లేదు, ఆ డబ్బు కూడబెట్టడానికి ఎంత కాలం పట్టిందో ఆవిడకే తెలుసు. పిల్ల మాత్రం, "అమ్మా, సాయంత్రం ఆరింటికి గట్టు మీద నేనొక్కదాన్నే వస్తాను. కిందపడితే లేపేవాళ్ళుండరు" అంది. కొత్తదే తీసుకున్నారు. మార్చి మొదటి వారానికల్లా పక్కా నంబరు కూడా వచ్చేసింది.

తరవాతేం జరిగిందో అందరికీ తెలిసిందే. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. సచివాలయం వాళ్ళకి సెలవు లేదు, ఆ అమ్మాయి ఆ బండి మీదే డ్యూటీకి వెళ్ళింది. ఆఖరి రోజుల్లో తగ్గింపుకి ఆశపడి బి.ఎస్.-4 బళ్ళు కొని, రిజిస్ట్రేషన్ కానివాళ్ళ పాట్లు మాత్రం చెప్పనలవి కాదు. మిగిలిన బళ్ళలో పదోవంతు లాక్‌డౌన్ అయ్యాక పదిరోజులు అమ్ముకోవచ్చని మార్చి 27న సుప్రీంకోర్టు అంది. జులై 8న ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. మార్చి 31 లోపు అమ్మి, వివరాలు ఈ-వాహన్‌లో ఎక్కించినవాటికి ఆగస్టులో అనుమతి వచ్చింది. అప్పటిదాకా ఎందరి బళ్ళో గుడ్డ కప్పుకుని ఇంటి ముందు కూర్చున్నాయి.

కొత్త బండి ఏమీ కంటతడి పెట్టించలేదని కాదు. ఒకసారి బ్యాటరీ పడిపోయి గట్టు మీద ఆగిపోతే, ట్రాలీ ఆటోలో ఎక్కించి ఆటోనగర్ దాకా తేవాల్సి వచ్చింది. కిరాయి వింటూనే మా ఆడపడుచు "పాతదైతేనా!" అని మొదలుపెట్టింది. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు.

నిబంధనలు మారినప్పుడల్లా ఈ పాత సరుకు తగ్గింపులు వస్తూనే ఉంటాయి. 2025 ఏప్రిల్లో మళ్ళీ కొత్త నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కాబట్టి "ఇంత తగ్గించాం" అంటే, అందులో పన్ను తగ్గినందువల్ల ఎంత, షోరూం తగ్గించింది ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఆర్సీలో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రేపు అమ్మబోయినప్పుడు కొనేవాడు చూసేది అదే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. బండి షెడ్డులో ఎన్నాళ్ళు పడి ఉందో ఇట్టే తెలిసిపోతుంది. మరీ పాతదైతే కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ వేసి ఇమ్మని అడగండి. మా పిల్ల స్నేహితురాలు ఒకామె అలాగే పట్టుబట్టి బ్యాటరీ మార్పించుకుంది. రంగు సంగతి ఆమెనెవరూ అడగలేదట!